అయిదు రోజుల మాట: పసుపు బోర్డు కథ మనకు నేర్పేదేంటి?

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటు వేయడానికి బూత్ లోపలికి పోయినవాళ్లకు బల్ల మీద పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా కనిపించాయి. పోటీలో ఉన్నది 185 మంది. నోటాతో కలిపితే 186. ఒక్కో యూనిట్‌లో పదహారు మీటలు ఉంటాయి కాబట్టి పన్నెండు యూనిట్లు కావాల్సి వచ్చింది. పాత ఎం2 రకం మిషన్‌కు నాలుగు యూనిట్లే కలపొచ్చు, అంటే 64 పేర్ల దాకానే. అందుకని 24 యూనిట్ల వరకు కలిపే వీలున్న ఎం3 మిషన్లను తెప్పించారు. మన ఈసీఈ వాళ్లకు ఇది మంచి ముచ్చటే. కానీ అసలు ముచ్చట ఇంకోటుంది. ఆ 185 మందిలో 178 మంది రైతులు. పసుపు, ఎర్రజొన్న పండించేవాళ్లు. వాళ్లల్ల ఎవరూ ఎంపీ అయితమని అనుకోలేదు. మరి ఎందుకు నిలబడ్డరు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఎన్నికల హామీ అంటే ఏంటి, అది ఎట్ల పుడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, నమ్మి ఓటేసిన మనిషి ఏమైతడు అన్నవన్నీ ఒక్క నియోజకవర్గంలోనే కనిపిస్తాయి. నిజామాబాద్ లోక్‌సభ అంటే ఒక్క నిజామాబాద్ జిల్లానే కాదు. పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల అసెంబ్లీ సెగ్మెంట్లు కూడా అందులోనివే. మెట్‌పల్లి పసుపు మార్కెట్ ఆ వైపే ఉంది. గోదావరి అవతల నిర్మల్ వైపు, అంటే పాత ఆదిలాబాద్ జిల్లాలో, పసుపు పండించే రైతులు కూడా పంటను నిజామాబాద్ యార్డుకే తెస్తారు. అందుకే ఈ కథ మన మూడు పాత జిల్లాలకూ చెందినది.

రైతు అడిగింది ఏంటి?

పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్ల పెడితే సంక్రాంతి దాటినంక తవ్వుతరు. తవ్వగానే అమ్మేటందుకు లేదు. ఉడకబెట్టాలె, రోజుల తరబడి ఎండబెట్టాలె, పాలిష్ చేయాలె. అప్పుడు కొమ్ము, గోళ వేరు చేసి బస్తాలకెత్తి యార్డుకు తోలాలె. వరి అయితే ఏడాదికి రెండు పంటలు చూసుకోవచ్చు. పసుపు పెట్టిన భూమి ఏడాదంతా ఆ ఒక్క పంటకే అంకితం. విత్తనం, ఎరువు, కూలి అన్నీ ముందే పెట్టుబడి. ధర మాత్రం అమ్మే రోజు పొద్దున తేలుతుంది.

వరికి, పత్తికి, మక్కలకు కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. ఆ జాబితాలో 22 పంటలున్నయి. పసుపు లేదు. అందుకే 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర 44వ జాతీయ రహదారి మీద రైతులు కూర్చున్నప్పుడు వాళ్ల డిమాండ్ సూటిగా ఉంది: పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు. దాంతోపాటు ఎన్నో ఏండ్లుగా అడుగుతున్న పసుపు బోర్డు. ఈ రెండు కోరికలను గుర్తుపెట్టుకోండి. ఒకటి ధర, రెండోది బోర్డు. కథ ముందుకు పోయిన కొద్దీ ఒకటి పెద్దగా వినిపిస్తుంది, రెండోది మెల్లగా వెనక్కి పోతుంది.

మొదటి నిరాశ

2014లో ఈ నియోజకవర్గం కొత్త రాష్ట్రం వచ్చిన ఉత్సాహంలో ఉంది. టీఆర్‌ఎస్ తరఫున కల్వకుంట్ల కవిత లక్షా 67 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. పసుపు బోర్డు సాధిస్తామన్నది అప్పటి ప్రధానమైన హామీల్లో ఒకటి. ఇంకోటి నిజాం చక్కెర ఫ్యాక్టరీ. 1937లో బోధన్‌లో మొదలైన ఆ సంస్థకు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో కూడా ఒక యూనిట్ ఉంది. 2002లో దాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టారు. అధికారంలోకి వస్తే వంద రోజుల్లో మళ్లీ ప్రభుత్వ పరం చేస్తామని టీఆర్‌ఎస్ చెప్పింది.

బోర్డు విషయంలో కవిత ప్రయత్నం చేయలేదనలేం. కేంద్రానికి విజ్ఞప్తులు పోయాయి, లోక్‌సభలో ప్రైవేటు బిల్లు కూడా పెట్టారు. కానీ బోర్డు కేంద్రం చేతిలో ఉన్న పని. కేంద్రంలో అధికారం వేరే పార్టీది. ఫ్యాక్టరీ సంగతి ఇంకా చేదు. 2015 డిసెంబరులో మూడు యూనిట్లూ మూతపడ్డాయి. తెరుస్తామన్న మాట నమ్మిన చెరుకు రైతు, పదేండ్లు పనిచేసిన కార్మికుడు గేటుకు వేసిన తాళం చూశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎదుటి పార్టీ వాడు "చేయలేదు" అంటే అది రాజకీయం. ఓటేసినవాడు "చేయలేదు" అంటే అది గాయం. ఎందుకంటే ఆ మాటను ఊర్ల మోసింది వాడే. చాయ్ హోటల్ దగ్గర వాదించింది వాడే, బంధువులతో మాటలు పడ్డది వాడే. నాయకుడు ఇచ్చిన హామీకి ఊర్ల జమానతు పడేది కార్యకర్త, అభిమాని. హామీ నిలబడకపోతే నాయకుడు హైదరాబాద్‌లనో ఢిల్లీలనో ఉంటడు. "ఏదిరా మీ బోర్డు?" అన్న ప్రశ్న మాత్రం జమానతు పడ్డవాడినే అడుగుతరు.

నిరాశ చెందినోడు ఏం చేస్తడు?

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పుస్తకంలో దీన్ని సులువుగా విడదీసి చెప్పాడు. ఒక సంస్థ మీదనో పార్టీ మీదనో నమ్మకం సడలినప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయి. వదిలేసి పోవడం ఒకటి, ఉండి గొంతెత్తడం రెండోది. అభిమానం ఎంత గట్టిగా ఉంటే వదిలేసి పోవడం అంత ఆలస్యమైతది. "టైం పడతది, ఆగుండ్రి" అని తనకు తానే సర్దిచెప్పుకునే కాలం అదే.

2019లో మన రైతులు ఈ రెండిటినీ కలిపి మూడో దారి పట్టారు. తామే నామినేషన్ వేశారు. దీనికి పాత ఉదాహరణ ఒకటి తెలంగాణలోనే ఉంది. 1996లో నల్గొండ లోక్‌సభకు ఫ్లోరైడ్ నీళ్ల సమస్య మీద వందల మంది నిలబడితే అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఆ ఏడాది ఇలాంటి పోటీల తర్వాత డిపాజిట్ పెంచారు. 2019 నాటికి లోక్‌సభకు జనరల్ అభ్యర్థి డిపాజిట్ 25,000 రూపాయలు. పోతుందని తెలిసీ ఆ డబ్బు కట్టారంటే, అది దేశం వినేటట్టు మాట్లాడటానికి పెట్టిన ఖర్చు. ఇక్కడి నుంచి కొందరు రైతులు వారణాసి దాకా పోయి ప్రధాని మీద కూడా నామినేషన్లు వేయబోయారు. చాలా వరకు తిరస్కరణకు గురయ్యాయి గానీ వార్త మాత్రం దేశమంతా పోయింది.

బాండ్ పేపర్

రైతుల్లో ఉన్న ఈ అపనమ్మకాన్ని బాగా చదివింది బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్. నోటి మాటకు విలువ పోయిందని ఆయనకు అర్థమైంది. అందుకే కాగితం తీశారు. గెలిచిన అయిదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తా, తేకపోతే రాజీనామా చేసి రైతుల ఉద్యమంలో చేరతా అని బాండ్ పేపర్ మీద రాసి సంతకం పెట్టారు. మే 23న ఫలితం వచ్చింది. కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

బాండ్ పేపర్ ఎందుకు అంత పనిచేసింది? మన ఊర్లల్ల అప్పు ఇచ్చినా, భూమి కౌలుకిచ్చినా, అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నా కాగితం రాసుకుంటం. కాగితం మీద పడ్డ మాటకు తారీకు ఉంటది, సంతకం ఉంటది, తప్పితే అడిగే హక్కు ఉంటదని మన నమ్మకం. కానీ రాజకీయ హామీకి చట్టం ఆ బలం ఇవ్వలేదు. 2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు మేనిఫెస్టో హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అవినీతి చర్య కిందికి రావని చెప్పింది. మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి సూచించింది. ఎన్నికల సంఘం హామీల వెనక హేతువు ఉండాలని, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్థూలంగా చెప్పాలని ప్రవర్తనా నియమావళిలో చేర్చింది. హామీ తప్పిన ఎంపీని మధ్యలో వెనక్కి పిలిచే ఏర్పాటు మన దేశంలో లేదు. కాబట్టి ఆ బాండ్ పేపర్‌ను తీసుకొని కోర్టుకు పోయే దారి లేదు. దాని బలమంతా పరువు మీద ఆధారపడింది.

2,063 రోజులు

అయిదు రోజులు గడిచాయి. బోర్డు రాలేదు, రాజీనామా కూడా రాలేదు. 2020 ఫిబ్రవరిలో నిజామాబాద్‌లోని స్పైసెస్ బోర్డు కార్యాలయాన్ని ప్రాంతీయ కార్యాలయంగా పెంచుతున్నట్టు కేంద్రం ప్రకటించింది. బోర్డు కన్నా ఇదే మేలని ఎంపీ వర్గం చెప్పింది. రైతులు ఒప్పుకోలేదు. అడిగిన దానికి బదులు ఇంకోటి ఇచ్చి "ఇదే అది" అంటే ఎవరికైనా మండుతుంది. ఆర్మూర్ ప్రాంతంలో ఎంపీ పర్యటనలను రైతులు అడ్డుకున్నారు. 2023లో నిజామాబాద్‌లో పసుపు రంగు బోర్డులు వెలిశాయి: ఇదే మా ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు అని. కోపం హాస్యంగా మారిందంటే నమ్మకం దాదాపు అయిపోయిందని అర్థం.

2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని మోదీ జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. మూడు రోజులకు, అక్టోబరు 4న, నోటిఫికేషన్ వచ్చింది. బోర్డు వచ్చేదాకా చెప్పులు వేసుకోనని 2011 నుంచి ఉత్త కాళ్లతో తిరిగిన ఒక రైతు నాయకుడు అప్పుడు చెప్పులు వేసుకున్నాడు. అయినా రెండు నెలలకు జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో కోరుట్లలో నిలబడ్డ అర్వింద్ పది వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. ఆరు నెలలకు, 2024 లోక్‌సభ ఎన్నికల్లో, అదే ఎంపీ సీటులో లక్షకు పైగా మెజారిటీతో మళ్లీ గెలిచారు. దీన్నిబట్టి ఓటరు ఒక్క హామీని చూసే ఓటేయడు అన్నది తేలుతుంది. కోపం ఒక ఎన్నికలో తీరుతుంది, ఇంకో ఎన్నికలో వేరే లెక్కలు ముందుకొస్తాయి.

2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, కేంద్ర మంత్రి పీయూష్ గోయల్ బోర్డును ప్రారంభించారు. నిజామాబాద్ దాని ప్రధాన కేంద్రం, పల్లె గంగారెడ్డి మొదటి ఛైర్మన్. జూన్ 29న అమిత్ షా నిజామాబాద్ వచ్చి కార్యాలయం తెరిచారు. 2019 ఫలితం రోజు నుంచి సంక్రాంతి దాకా లెక్కపెడితే 2,063 రోజులు. అయిదు రోజుల మాటకు పట్టిన కాలం అది.

అయితే హామీ నెరవేరినట్టే కదా? ఇక్కడే ఆగి ఆలోచించాలి.

బోర్డు ఏం చేస్తది, ఏం చేయదు?

బోర్డు పనులు కాగితం మీద ఇట్ల ఉన్నాయి: పసుపు మీద అవగాహన పెంచడం, కొత్త విదేశీ మార్కెట్లు వెతకడం, పరిశోధన, నాణ్యత, విలువ జోడింపు, ఎగుమతులు. ఇవి చిన్న పనులేం కావు. ప్రపంచ పసుపు ఉత్పత్తిలో మన దేశం వాటా 75 శాతానికి పైనే. 2022-23లో 11.61 లక్షల టన్నులు పండితే 1.534 లక్షల టన్నులు ఎగుమతి అయింది, విలువ 207.45 మిలియన్ డాలర్లు. 2030 నాటికి ఎగుమతులను ఒక బిలియన్ డాలర్లకు చేర్చడం లక్ష్యమని కేంద్రం చెప్పింది. ఇంత పండించి ఇంత తక్కువ అమ్ముకుంటున్నామంటే ఎక్కడో పని జరగాల్సిందే.

కానీ ధర? బోర్డు పంట కొనదు. మద్దతు ధర ప్రకటించదు. పేరు ఒకటే అయినా అన్ని బోర్డులు ఒకటి కావు. గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డు 1975 నాటి పార్లమెంటు చట్టంతో పుట్టింది. ఎంత పండించాలో అదే నియంత్రిస్తుంది, వేలం కేంద్రాలు అదే నడుపుతుంది. పసుపు బోర్డు ప్రభుత్వ నోటిఫికేషన్‌తో వచ్చింది, ఆ రకమైన అధికారాలు దానికి లేవు. 2024 సీజన్‌లో నిజామాబాద్ యార్డులో పసుపు బాగా పలికింది, అప్పటికి బోర్డు ఇంకా పని మొదలుపెట్టలేదు. 2025లో, బోర్డు ప్రారంభమైన రెండు నెలలకే, ధర పడిపోయిందని అదే యార్డు దగ్గర రైతులు రోడ్డెక్కారు. పంట ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా, సాంగ్లీ, ఈరోడ్ మార్కెట్లలో ఏం నడుస్తుంది అన్నదే ధరను తేలుస్తుంది. బోర్డు మంచిగ పనిచేస్తే పదేండ్లల్ల దాని ఫలం కనిపించొచ్చు. ఈ ఏడు అప్పు తీర్చాల్సిన రైతుకు అది జవాబు కాదు.

రైతు అడిగినవి రెండు అన్నం కదా. అందులో బోర్డుకు శిలాఫలకం వేయొచ్చు, రిబ్బన్ కట్ చేయొచ్చు, ఫొటో దిగొచ్చు. ధరకు అవేవీ కుదరవు. ధర హామీ ఇస్తే ప్రతి సీజన్ ఖజానా నుంచి డబ్బు తీయాలె. అందుకే పదేండ్ల రాజకీయమంతా బోర్డు చుట్టూ తిరిగింది. అన్ని పార్టీలూ "బోర్డు ఎవరు తెస్తరు" అని కొట్లాడుకున్నాయి. "బోర్డు వస్తే నాకేం ఒరుగుతది" అన్న రైతు ప్రశ్న ఆ గొడవల మునిగిపోయింది. మాట తప్పడం ఒక రకం మోసమైతే, అవసరాన్ని ఒక పేరుగా మార్చి ఆ పేరునే ఇవ్వడం ఇంకో రకం. రెండోదాన్ని పట్టుకోవడం కష్టం. ఎందుకంటే కాగితం మీద హామీ నెరవేరినట్టే ఉంటది.

హామీని పరీక్షించే మూడు ప్రశ్నలు

మనం ల్యాబుల సర్క్యూట్ కట్టినా, ప్రాజెక్టుల కోడ్ రాసినా ముందుగా స్పెసిఫికేషన్ అడుగుతం. హామీకి కూడా అదే పద్ధతి పెట్టొచ్చు.

మొదటిది: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? బోర్డు తాళంచెవి కేంద్రం దగ్గర. రాష్ట్ర పార్టీ ఎంపీ అడగగలరు, ఇవ్వలేరు. ఆదిలాబాద్ వైపు ఇంకో ఉదాహరణ ఉంది. ప్రాణహిత మీద తుమ్మిడిహెట్టి దగ్గర బ్యారేజీకి 2008లో శంకుస్థాపన జరిగింది. ముంపు పేరుతో మహారాష్ట్ర ఎత్తుకు ఒప్పుకోలేదు. 2016 ఒప్పందంలో తుమ్మిడిహెట్టి ఎత్తు 148 మీటర్లు అని రాసుకున్నారు. కానీ కట్టింది కింద మేడిగడ్డ దగ్గర. 2019 జూన్‌లో ప్రారంభమైన ఆ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగాయి. తుమ్మిడిహెట్టి దగ్గర బ్యారేజీ లేవలేదు. "మా గట్టు పొంటి పారే నీళ్లు మాకు రాలే" అని ఆ వైపు జనం అనే మాటలో రెండు ప్రభుత్వాల హామీలున్నాయి. పక్క రాష్ట్రం సంతకం కావాల్సిన పనికి ఇక్కడి వేదిక మీద తారీకు చెప్పారంటే అక్కడే అనుమానపడాలి.

రెండోది: పైసలెక్కడివి? ముత్యంపేట ఫ్యాక్టరీకి అప్పులు, వాటాలు, బకాయిలు చుట్టుకొని ఉన్నాయి. 2019లో ఎన్‌సీఎల్‌టీ దాని లిక్విడేషన్‌కు ఆదేశించింది. "వంద రోజులు" అన్నప్పుడు ఈ ముడులు ఎట్ల విప్పుతరో ఎవరూ చెప్పలేదు. 2023లో కాంగ్రెస్ కూడా తెరిపిస్తామని చెప్పి గెలిచింది, 2024 జనవరిలో మంత్రులతో కమిటీ వేసింది. కమిటీ మొదటి మెట్టు మాత్రమే. బడ్జెట్‌ల ఎంత పెట్టారు, పాత అప్పు ఎంత కట్టారు అన్నదే రెండో మెట్టు.

మూడోది: పని అయిందని ఏ గుర్తుతో ఒప్పుకుంటం? దీన్ని ముందే తేల్చుకోవాలి. "బోర్డు వస్తే అయినట్టు" అనుకుంటే 2025 సంక్రాంతికి అయిపోయింది. "క్వింటాలుకు ఇంత దక్కితే అయినట్టు" అనుకుంటే ప్రతి ఏడూ ఫిబ్రవరిలో యార్డులో కొత్తగా పరీక్ష ఉంటుంది. హామీ రాయించుకునేటప్పుడు కట్టడం పేరు కాకుండా, మన ఇంటికి చేరే ఫలితాన్ని రాయించుకోవాలి.

ఈ మూడు ప్రశ్నలూ అడగాల్సింది ముందుగా అభిమానే. ఎదుటి పార్టీ వాడు అడిగితే నాయకుడికి జవాబు సిద్ధంగా ఉంటది. సొంత మనిషి అడిగితే తప్పించుకోవడం కష్టం. కానీ మన దగ్గర అభిమానం అంటే ప్రశ్న అడగకపోవడం అని అలవాటైంది. అడిగితే "నువ్వు మనోడివేనా?" అంటరు. వాట్సాప్ గ్రూపులకెళ్లి తీసేస్తరు. దాంతో మంచి మనుషులు మౌనంగా తప్పుకుంటరు, పార్టీల మిగిలేది చప్పట్లు కొట్టేటోళ్లు.

ఆ 178 మంది డిపాజిట్ కోసం కట్టిన పైసలు తిరిగి రాలేదు. వాళ్లు అడిగిన ధర గ్యారంటీ కూడా రాలేదు. కానీ వాళ్లు నిలబడకపోతే బాండ్ పేపర్ పుట్టేది కాదు. బాండ్ పేపర్ లేకపోతే నాలుగేండ్లు దాన్ని చూపించి అడిగే వీలుండేది కాదు. అడగకపోతే అంత ఆలస్యంగానైనా బోర్డు నిజామాబాద్‌కు వచ్చేదని చెప్పలేం. కాబట్టి నిరాశ వృథా పోలేదు. అది సగం పని చేసింది. మిగిలిన సగం, అంటే ధర, ఇంకా బాకీ ఉంది.

మనలో చాలా మందికి వచ్చే ఎన్నికలే మొదటి ఓటో, రెండో ఓటో. మన ఇండ్లల్ల పసుపు ఉడకబెట్టినోళ్లున్నరు, ముత్యంపేటకు చెరుకు తోలినోళ్లున్నరు, ప్రాణహిత నీళ్ల కోసం ఎదురుచూసినోళ్లున్నరు. ఎవరికి ఓటెయ్యాలో ఈ వ్యాసం చెప్పదు. వేసినంక మాత్రం ఆ నాయకుడు చెప్పిన మాటను, తారీకును ఒక నోట్‌బుక్కుల రాసి పెట్టుకోండి. ఏడాదికోసారి తీసి చదవండి. చదివి, మీ సొంత పార్టీ మీటింగ్‌లనే లేచి అడగండి.